పన్నెండు మందిలో ఒక్కరు

మన పిల్లలకి కోర్టు అంటే ఏం తెలుసు? సుత్తి కొట్టి "ఆర్డర్ ఆర్డర్" అనే జడ్జిగారు, నల్లకోటు వేసుకుని "అబ్జెక్షన్ మిలార్డ్" అని లేచే లాయరు, ఆఖరి నిమిషంలో తలుపు తోసుకుని పరుగెత్తుకొచ్చే సాక్షి. మనం కూడా ఆ సినిమాలే చూసి పెరిగాం లెండి. 2021లో వచ్చిన 'వకీల్ సాబ్' అయినా, 2025లో వచ్చిన 'కోర్ట్' అయినా, కథ నడిపేది లాయరే. తీర్పు చెప్పేవాళ్ళ మనసులో ఏం జరుగుతుందో, ఒక మనిషి "వీడే చేశాడు" అనే నిర్ణయానికి ఎలా వస్తాడో చూపించే సినిమాలు చాలా తక్కువ.

అలాంటిది ఒకటుంది. పేరు 'ట్వెల్వ్ యాంగ్రీ మెన్'. 1957లో వచ్చిన అమెరికన్ సినిమా. నలుపు తెలుపు. పాటల్లేవు, ఫైట్లు లేవు, హీరోయిన్ లేదు. గంటన్నర పైన ఆరు నిమిషాలు. అందులో మూడు నిమిషాలు తప్ప మిగతాదంతా ఒకే గదిలో, ఒకే బల్ల చుట్టూ పన్నెండు మంది మగవాళ్ళు కూర్చుని వాదించుకోవడమే. ఇది విని మా అబ్బాయి మొహం ఎలా పెట్టాడో మీరు ఊహించుకోవచ్చు.

అయినా దార్సైట్‌లో మా బిల్డింగ్ పిల్లలు, పక్క బిల్డింగ్ వాళ్ళు కలిపి తొమ్మిది మందికి రెండు శుక్రవారాల్లో ఈ సినిమా చూపించాం. ఎనిమిదో తరగతి నుంచి పదకొండు దాకా చదివే పిల్లలు. ఎలా చూపించామో, వాళ్ళు ఏం అడిగారో, అసలు ఎందుకు చూపించాలనిపించిందో చెబుతాను. సెలవుల్లో మీరూ చూపించుకోవచ్చు. ఊళ్ళో ఉన్న పిన్నులు, అత్తయ్యలు, వదినలు కూడా మన పత్రిక చదువుతారు కాబట్టి కథ మొదటి నుంచీ చెబుతున్నా. పిల్లలకి మాత్రం ముందే చెప్పేయకండి.

ముందు జ్యూరీ అంటే ఏంటి?

పిల్లలకి మొదట చెప్పాల్సింది ఇదే. అమెరికాలో పెద్ద నేరాల కేసుల్లో తప్పు చేశాడా లేదా అని తేల్చేది మామూలుగా జడ్జి కాదు, జ్యూరీ. అంటే మనలాంటి జనం. బ్యాంకులో పనిచేసే ఆయన, పెయింట్లు వేసే ఆయన, గడియారాలు బాగుచేసే ఆయన. ఒకరికొకరు తెలియదు, కేసులో ఉన్నవాళ్ళెవరూ తెలియకూడదు. వాదనలన్నీ విన్నాక వాళ్ళని ఒక గదిలో పెట్టి తలుపు వేసేస్తారు. అందరూ ఒకే మాట మీదకి రావాలి.

మన ఊళ్ళలో రచ్చబండ దగ్గర పెద్దమనుషులు కూర్చుని తగవు తీర్చేవారు కదా, అలాంటిదేనా అని ఒక పాప అడిగింది. కొంచెం అలాంటిదే. కానీ రచ్చబండ మీద కూర్చునేవాళ్ళు ఊళ్ళో పలుకుబడి ఉన్నవాళ్ళు, ఇరువైపులా తెలిసినవాళ్ళు. వాళ్ళ ఎదుట ఒక కూలివాడు "నాకు నమ్మకం కుదరడం లేదండీ" అనగలడా? జ్యూరీలో అనొచ్చు. అనాలి కూడా. ఈ సినిమా అంతా ఆ ఒక్క మాట మీదే నిలబడింది.

కథ

పద్దెనిమిదేళ్ళ కుర్రాడు. మురికివాడలో పుట్టాడు, తల్లి లేదు, తండ్రి కొట్టేవాడు. ఆ తండ్రిని కత్తితో పొడిచి చంపాడని కేసు. దోషి అని తేలితే మరణశిక్షే. సాక్ష్యాలు గట్టిగానే కనిపిస్తాయి. కింద వాటాలో ఉండే కుంటి ముసలాయన పైనుంచి అరుపు, మనిషి పడిన చప్పుడు విన్నానన్నాడు. తలుపు దగ్గరికి పదిహేను సెకన్లలో వెళ్ళానని, ఆ కుర్రాడు మెట్లు దిగి పారిపోవడం చూశానని చెప్పాడు. వీధికి అవతల ఉండే ఒకావిడ మధ్యలో వెళ్తున్న రైలు కిటికీల్లోంచి హత్యని కళ్ళారా చూశానంది. కత్తి ఆ కుర్రాడు కొన్నలాంటిదే, చాలా అరుదైన రకమన్నారు.

జ్యూరీ గదిలో ఉక్కపోత, ఫ్యాను తిరగడం లేదు. ఒకాయనకి సాయంత్రం బేస్‌బాల్ ఆటకి టికెట్లున్నాయి. చేతులెత్తమన్నారు. పదకొండు చేతులు లేచాయి. ఒక్క చెయ్యి లేవలేదు. ఎనిమిదో నంబరు ఆయనది. హెన్రీ ఫోండా వేశారు ఆ పాత్ర. ఆయన ఆ కుర్రాడు మంచివాడని అనడు, చంపలేదని కూడా అనడు. ఒక మనిషి ప్రాణం తీసేముందు కాసేపైనా మాట్లాడుకుందాం అంటాడు. అంతే.

అక్కడినుంచి ఒక్కో సాక్ష్యాన్నీ తీసి చూస్తారు. అరుదైన కత్తి అన్నారు కదా, అలాంటిదే ఇంకొకటి జేబులోంచి తీసి బల్ల మీద గుచ్చుతాడాయన. ఆ కుర్రాడి ఇంటికి రెండు వీధుల అవతల ఆరు డాలర్లకి కొన్నాడు. రైలు అంత రొద చేస్తూ పోతుంటే కింద ముసలాయనకి అరుపు ఎలా వినిపించింది? కాలు ఈడ్చుకుంటూ నడిచే మనిషి పదిహేను సెకన్లలో తలుపు దాకా ఎలా వెళ్ళాడు? మురికివాడలోనే పెరిగిన ఒక జ్యూరీ సభ్యుడు, ఆ రకం కత్తిని అలవాటున్నవాళ్ళు పైనుంచి కిందకి పొడవరని చెబుతాడు. ఆఖరికి రైలు అవతల నుంచి చూసిన ఆవిడ ముక్కుకి రెండు పక్కలా కళ్ళద్దాల గుర్తులున్నాయని అందరిలోకీ పెద్దాయనకి గుర్తొస్తుంది. రాత్రి పడుకునేటప్పుడు కళ్ళద్దాలు పెట్టుకుంటారా ఎవరైనా?

ఒక్కొక్కరూ మారతారు. అందరూ సాక్ష్యాన్ని బట్టే మారరు, అదీ ఈ సినిమాలో నిజం. బేస్‌బాల్ ఆయన తొందరగా బయటపడాలని మారతాడు. ఆ పేటలో పుట్టినవాళ్ళంతా ఇంతే అని నోరు పారేసుకున్న ఒకాయనకి మిగతావాళ్ళు ఒక్కొక్కరే లేచి వీపు తిప్పేస్తారు. ఆఖరిదాకా మొండికేసిన మూడో నంబరు ఆయన కోపమంతా ఆ కుర్రాడి మీద కాదు, తనని వదిలి వెళ్ళిపోయిన సొంత కొడుకు మీద. పన్నెండు మందీ "దోషి కాదు" అంటారు. ఆ కుర్రాడు నిజంగా చంపాడో లేదో సినిమా చెప్పదు.

రాసినాయన రెజినాల్డ్ రోజ్. 1954లో న్యూయార్క్‌లో తనే జ్యూరీలో కూర్చోవలసి వచ్చింది. ఆ అనుభవంతో అదే ఏడాది టీవీ నాటకం రాశాడు, సెప్టెంబరు 20న సీబీఎస్‌లో లైవ్‌గా ప్రసారమైంది. మూడేళ్ళకి సినిమా అయింది. దర్శకుడు సిడ్నీ లూమెట్‌కి అదే మొదటి సినిమా. బెర్లిన్ చిత్రోత్సవంలో పెద్ద బహుమతి 'గోల్డెన్ బేర్' వచ్చింది. ఆస్కార్‌కి మూడు నామినేషన్లు, ఒక్కటీ రాలేదు.

ఫోన్లో వీడియోలు తీసే పిల్లలకి ఒక సంగతి బాగా నచ్చింది. లూమెట్ మొదట్లో కెమెరాని వాళ్ళ కంటికి పైన పెట్టాడు, తర్వాత కంటికి సమానంగా, చివర్లో కింద నుంచి చూసేట్టు. సినిమా నడిచేకొద్దీ పైకప్పు కనిపిస్తుంది, గోడలు దగ్గరికొచ్చినట్టుంటుంది. గది చిన్నదైపోతున్నట్టు మనకీ ఊపిరాడదు. రెండోసారి చూసినప్పుడు గమనించమనండి.

కుట్టు మిషను టేపుతో కొలిచాం

సినిమాని ఏకబిగిన చూపించలేదు. మొదటి ఓటు అయ్యి, ఒక్కొక్కరూ తమ కారణాలు చెప్పేసరికి ఆపేశాం. పిల్లలకి చీటీలిచ్చి, పేరు రాయకుండా ఓటెయ్యమన్నాను. తొమ్మిదిలో ఏడు "దోషి". రెండు చీటీల్లో ఏమీ రాయలేదు. ఎందుకు దోషి అంటే "అంతమంది చెబుతున్నారు కదా ఆంటీ" అన్నాడొకడు. మొహమాటం లేకుండా నిజం చెప్పాడు, పెద్దవాళ్ళం చాలామంది అదే కారణంతో ఒప్పుకుంటాం, పైకి చెప్పం.

పదిహేను సెకన్ల సంగతి వచ్చినప్పుడు మళ్ళీ ఆపాం. సినిమాలో ముసలాయన నడిచింది మంచం దగ్గర నుంచి గది తలుపుకి, అక్కడినుంచి పొడుగాటి వసారా, మొత్తం సుమారు 55 అడుగులు. నా కుట్టు మిషను టేపు 60 అంగుళాలు, అంటే 5 అడుగులు. మా కారిడార్‌లో పదకొండు టేపులు కొలిచి చాక్‌పీసుతో గీత గీశారు. ఒక్కొక్కరూ కాలు ఈడుస్తూ నడిచారు, పదో తరగతి అమ్మాయి ఫోన్లో టైం చూసింది. ఒకడికి 38 సెకన్లు, ఇంకోడికి 44. ఎదురు ఫ్లాట్ ఆవిడ తలుపు తీసి ఈ కుంటి ఊరేగింపు చూసి కంగారుపడింది లెండి. తర్వాత సినిమా మళ్ళీ పెట్టాం. అక్కడ వాళ్ళకి 41 సెకన్లు వచ్చింది. పిల్లలు అరిచిన అరుపులకి సోఫా ఊగింది.

నేను ఎంతసేపు ఉపన్యాసం చెప్పినా రానిది ఆ కారిడార్‌లో వచ్చింది. ఒకరు చెప్పిన మాటని అబద్ధం అనక్కర్లేదు, కొలిచి చూడొచ్చు అని వాళ్ళకి వాళ్ళే తెలుసుకున్నారు. ముసలాయన అబద్ధాలకోరు కాదు. ఎన్నో ఏళ్ళుగా ఎవరూ పట్టించుకోని మనిషికి కోర్టులో ఒక్కరోజు అందరూ తన మాట విన్నారు. ఆ మాట తనే నమ్మేశాడు. ఇది కూడా సినిమాలో ఆ పెద్దాయనే పసిగడతాడు.

మాతో పాటు చూసిన పక్క ఫ్లాట్ అక్క నర్సు. ఆవిడ పిల్లలకి చెప్పిన మాట నాకు బాగా నచ్చింది. "మా వార్డులో ఇన్సులిన్ ఇచ్చేముందు ఇద్దరు నర్సులం చూసుకుంటాం. రెండో ఆవిడ చూసిందంటే మొదటి ఆవిడ మీద నమ్మకం లేదని కాదు. మంచం మీద ఉన్నది ఒక ప్రాణం అని." అడగడం అంటే అవమానించడం కాదు అని ఇంతకంటే తేలిగ్గా ఎవరు చెప్పగలరు?

"మరి వాడు నిజంగా చంపేసుంటే?"

సినిమా అయ్యాక తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. "వాడు నిజంగా చంపేసుంటే ఆంటీ? చచ్చిపోయిన తండ్రికి న్యాయం ఏది?" గదంతా నిశ్శబ్దం. చాలా మంచి ప్రశ్న. ముఖ్యంగా ఆడపిల్ల నోట వచ్చినప్పుడు తేలిగ్గా దాటెయ్యకూడదు.

అప్పుడు వాళ్ళకి విజయవాడ సంగతి చెప్పాను. మన తరం వాళ్ళందరికీ గుర్తున్నదే. ఆ అమ్మాయి పేరు, ఆ కుర్రాడి పేరు ఇక్కడ రాయను. 2007 డిసెంబరు 27న విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఫార్మసీ చదువుతున్న విద్యార్థినిని దారుణంగా చంపేశారు. రాష్ట్రమంతా అట్టుడికింది. ఎవరో ఒకరిని పట్టుకోవాలని ఒత్తిడి. 2008 ఆగస్టులో పోలీసులు ఒక పేదింటి కుర్రాణ్ణి అరెస్టు చేశారు. 2010లో విజయవాడ కోర్టు శిక్ష వేసింది. చనిపోయిన అమ్మాయి తల్లిదండ్రులే "ఈ పిల్లాడు కాదు, అసలువాళ్ళు వేరే ఉన్నారు" అని మొదటినుంచీ మొత్తుకున్నారు. కూతుర్ని పోగొట్టుకున్నవాళ్ళే ఆ మాట అన్నా ఎవరు విన్నారు? 2017 మార్చి 31న హైదరాబాద్ హైకోర్టు ఆ కుర్రాణ్ణి నిర్దోషి అని విడిచిపెట్టింది, లక్ష రూపాయల పరిహారం ఇమ్మంది. అప్పటికి ఎనిమిదేళ్ళకు పైగా జైల్లో ఉన్నాడు. 2018లో కేసు సీబీఐకి అప్పగించారు.

పిల్లలకి చెప్పింది ఇదే. తప్పు మనిషిని లోపల వేస్తే ఇద్దరికి అన్యాయం. లోపల ఉన్నవాడికి ఒకటి, చనిపోయిన అమ్మాయికి ఇంకొకటి. ఎందుకంటే దొంగ దొరికాడని అందరూ ఇళ్ళకి వెళ్ళిపోతారు, అసలువాడు బయట హాయిగా తిరుగుతుంటాడు. కాబట్టి అనుమానం వచ్చినచోట ఆగి అడగడం నేరస్తుడి మీద జాలి కాదు. చనిపోయినవాళ్ళకి మనం పడ్డ బాకీ.

"దోషి కాదు" అంటే "మంచివాడు" అని కాదు, "రుజువు కాలేదు" అని. పిల్లలకి ఈ తేడా తెలిస్తే చాలు, సినిమా చూపించినందుకు ఫలితం దక్కినట్టే.

మన దేశంలో జ్యూరీ ఉండేదా?

ఉండేది. మన దేశంలో తొలి జ్యూరీ విచారణగా చెప్పుకునేది మన మద్రాసులోనే, సెయింట్ జార్జి కోటలో, 1665లో జరిగింది. ఒక ఇంగ్లీషు దొరసాని తన ఇంట్లో బానిసగా ఉన్న పిల్లని చంపిందని కేసు. జ్యూరీ ఆవిడని నిర్దోషి అని వదిలేసింది. జ్యూరీలో ఉన్నవాళ్ళు ఆరుగురు ఇంగ్లీషువాళ్ళు, ఆరుగురు పోర్చుగీసువాళ్ళు. గల్ఫ్‌లో ఇంటిపని చేసుకునే మన ఆడవాళ్ళ కథలు తెలిసిన మనకి ఆ పాత కేసు ఎంత దగ్గరగా ఉందో చూడండి. బల్ల చుట్టూ ఎవరు కూర్చున్నారన్నది కూడా తీర్పులో భాగమే.

ఇంకో కేసు అక్షయ్ కుమార్ 'రుస్తుం' (2016) చూసినవాళ్ళకి తెలుస్తుంది. అసలు కథ నానావతి అనే నేవీ కమాండర్‌ది. 1959 ఏప్రిల్ 27న బొంబాయిలో భార్య ప్రియుణ్ణి కాల్చి చంపి, తనే పోలీసుల దగ్గరికి వెళ్ళి లొంగిపోయాడు. 'బ్లిట్జ్' అనే పత్రిక ఆయన్ని హీరోని చేసి వారం వారం రాసింది, జనం వెర్రెత్తిపోయారు. తొమ్మిది మంది జ్యూరీలో ఎనిమిది మంది "నిర్దోషి" అన్నారు. ఒక్కరే కాదన్నారు. ఆ తీర్పు సాక్ష్యానికి విరుద్ధంగా ఉందని సెషన్స్ జడ్జి కేసుని హైకోర్టుకి పంపారు. హైకోర్టు యావజ్జీవ శిక్ష వేసింది, 1961 నవంబరు 24న సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది.

గమనించారా? సినిమాలో పదకొండు మందికి ఎదురు నిలిచి ఒక్కాయన "దోషి కాదేమో" అన్నాడు. బొంబాయిలో ఎనిమిది మందికి ఎదురు నిలిచి ఒక్కరు "దోషే" అన్నారు. మాటలు వేరు, చేసిన పని ఒకటే. ఇద్దరూ జనం వైపు చూడలేదు, సాక్ష్యం వైపు చూశారు. ఒంటరిగా నిలబడటం అంటే ఎప్పుడూ నిందితుడి పక్షాన ఉండటం అని పిల్లలు అనుకోకుండా ఈ రెండో కథ కూడా చెప్పండి.

అప్పటికే, 1958లో, లా కమిషన్ జ్యూరీని తీసెయ్యమని చెప్పింది. 1974 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో జ్యూరీ ఊసే లేదు. పార్శీల పెళ్ళి, విడాకుల కేసుల్లో మాత్రం ఇప్పటికీ అలాంటి పద్ధతి ఒకటి మిగిలి ఉంది. మనముంటున్న ఒమన్‌లోనూ జ్యూరీ లేదు, తీర్పు న్యాయమూర్తులదే.

జ్యూరీ లేని దేశాల్లో కూడా ఈ కథని వదల్లేదు. హిందీలో 1986లో బాసు ఛటర్జీ 'ఏక్ రుకా హువా ఫైస్లా' తీశారు. అందులో అందరిలోకీ ముసలాయనగా వేసిన అన్నూ కపూర్‌కి అప్పటికి ముప్పై ఏళ్ళు. ఇంగ్లీషు కష్టమనుకుంటే పిల్లలకి అది చూపించండి, పంకజ్ కపూర్ నటన కోసమైనా. చైనాలో 2014లో '12 సిటిజన్స్' వచ్చింది. అక్కడ లా కాలేజీలో పరీక్ష తప్పిన పిల్లల కోసం వాళ్ళ తల్లిదండ్రులే ఉత్తుత్తి జ్యూరీగా కూర్చుంటారు. అది విని మా పిల్లలు ఎంత నవ్వారో!

ఆడవాళ్ళేరీ?

సినిమా పేరులోనే ఉంది, పన్నెండు మంది మగవాళ్ళు. ఒక్క ఆడమనిషి లేదేం అని పదకొండో తరగతి అమ్మాయి అడిగింది. న్యూయార్క్‌లో ఆడవాళ్ళు జ్యూరీలో కూర్చోవడానికి 1937లో చట్టం ఒప్పుకుంది. కానీ ఆడవాళ్ళు వద్దంటే చాలు, వదిలేసేవారు. ఇల్లు చూసుకోవాలి కదా అని. లూసియానా రాష్ట్రంలో అయితే ఆడవాళ్ళు తమంతట తాము రాతపూర్వకంగా అడిగితేనే జ్యూరీకి పిలిచేవారు. 1975లో అమెరికా సుప్రీంకోర్టు అది చెల్లదంది. అంటే మన అమ్మలు పిల్లల తల్లులైన రోజుల దాకా అమెరికాలోనే సంగతి అలా ఉంది. ఈ నాటకాన్ని తర్వాత స్కూళ్ళలో ఆడపిల్లలతో 'ట్వెల్వ్ యాంగ్రీ విమెన్' పేరుతో కూడా వేయించారు.

ఇక్కడ మన మలయాళీ స్నేహితురాళ్ళు ఒక సినిమా గుర్తు చేశారు. 2023లో వచ్చిన 'ఆట్టం', ఆనంద్ ఏకర్షి తీశారు. ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డు కూడా వచ్చింది. ఒక నాటక బృందం, పన్నెండు మంది మగవాళ్ళు, ఒక్క అమ్మాయి. బృందంలో ఒకడు తనతో తప్పుగా ప్రవర్తించాడని ఆ అమ్మాయి చెబుతుంది. మగవాళ్ళందరూ కూర్చుని తేల్చబోతారు. మొదట అందరూ ఆమె పక్షమే. ఇంతలో విదేశంలో ప్రదర్శనలిచ్చే అవకాశం వస్తుంది. అప్పుడు ఒక్కొక్కరికీ "అనుమానాలు" మొదలవుతాయి.

అనుమానం రెండు రకాలని ఈ రెండూ పక్కపక్కన పెడితే అర్థమవుతుంది. నిజం తెలుసుకోవాలని వచ్చే అనుమానం ఒకటి, తనకి ఇబ్బంది లేకుండా ఉండాలని వచ్చే అనుమానం ఇంకొకటి. పాత సినిమాలో అడిగిన మనిషికి ఆ తీర్పుతో వచ్చే లాభం ఏమీ లేదు. 'ఆట్టం'లో అడిగేవాళ్ళకి ఉంది. కాలేజీకి వెళ్ళే వయసు పిల్లలైతే రెండూ చూపించండి. చిన్నవాళ్ళకి 'ఆట్టం' వద్దు.

మన చేతిలో ఉన్న జ్యూరీ గది

ఇదంతా ఎందుకు మొదలుపెట్టామో ఇప్పుడు చెబుతాను. పోయిన ఏడాది ఇక్కడి ఆడవాళ్ళ గ్రూపు ఒకదాంట్లో ఒక ఫోటో వచ్చింది. గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికి వచ్చిన ఒకావిడది. "గాజులు తీసింది, ఎవరూ పనిలో పెట్టుకోకండి, అందరికీ పంపండి" అని కింద రాశారు. మధ్యాహ్నానికల్లా ఇంకో మూడు గ్రూపుల్లో కనిపించింది. "ఇలాంటివాళ్ళని నమ్మకూడదు", "వీళ్ళంతా ఇంతే" అని మెసేజ్‌లు. మన ఫోన్లు పిల్లలు చూస్తూనే ఉంటారు కదా.

ఒక్క మనిషి మాత్రం రెండు ప్రశ్నలు అడిగింది. ఆ పక్క ఫ్లాట్ నర్సు అక్కే. "తీస్తుండగా ఎవరైనా చూశారా? పోలీసులకి చెప్పారా?" చాలాసేపు జవాబు లేదు. ఆఖరికి తెలిసిందేమిటంటే, ఎవరూ చూడలేదు, కంప్లైంటు లేదు, ఆవిడకి రెండు నెలల జీతం బాకీ ఉంది, ఆ గొడవలోనే ఇల్లు వదిలి వెళ్ళింది. ఫోటో మా గ్రూపులోంచి తీసేశారు. మిగతావాటిలో ఉండిపోయింది. ఆవిడ ఊరికి వెళ్ళిపోయింది. గాజుల సంగతి ఇప్పటికీ తేలలేదు.

నర్సు అక్కని ఆ వారమంతా కొందరు పలకరించలేదు. "దొంగ పక్షం మాట్లాడింది" అన్నారు. ఒక్క చెయ్యి ఎత్తకుండా ఉంచినందుకు పడే జరిమానా అది. సినిమాలో ఎనిమిదో నంబరు ఆయనకి గంటన్నరలో అయిపోయింది. మనకి రోజూ లిఫ్టులో ఎదురుపడేవాళ్ళతో పని.

ఇది మర్యాదకి సంబంధించిన విషయం మాత్రమే కాదు. ఒమన్‌లో 2011 సైబర్ నేరాల చట్టం ప్రకారం ఒకరి ఫోటోలు, సొంత సంగతులు ఫోన్లో పెట్టి పరువు తీయడం నేరం. పిల్లలకి కూడా ఇది చెప్పి ఉంచండి. క్లాస్‌మేట్ ఫోటో పెట్టి ఏడిపించడం వాళ్ళ గ్రూపుల్లోనూ ఉంది.

మీరు చూపించాలంటే

ఎనిమిదో తరగతి దాటినవాళ్ళకి చూపించండి. రక్తం, కొట్టుకోవడం కనిపించవు. సిగరెట్లు మాత్రం తెగ కాలుస్తారు, ఆ రోజుల సినిమా మరి. సబ్‌టైటిల్స్ పెట్టండి.

రెండు భాగాలుగా చూపించడం మంచిది. మధ్యలో మూడుసార్లు ఆపండి. మొదటి ఓటు తర్వాత చీటీలతో ఓటు. నడక లెక్కప్పుడు మీ కారిడార్‌లో కొలత. కళ్ళద్దాల గుర్తుల సంగతి రాగానే మూడోసారి. మా దగ్గర కళ్ళద్దాలు పెట్టుకునే పిల్ల ఒకతె ఆ సీన్‌లో తన ముక్కు తడుముకుంది, ఇక నేను చెప్పాల్సింది ఏమీ మిగల్లేదు.

పన్నెండు మందికీ సినిమాలో నంబర్లే, పేర్లు లేవు. చివర్లో ఇద్దరివి మాత్రమే తెలుస్తాయి. ఒక్కో పిల్లకీ ఒక్కో నంబరు అప్పగించి, ఆయన ఎప్పుడు మారాడు, ఏ కారణంతో మారాడు రాయమనండి. ఎవరు సాక్ష్యం చూసి మారారు, ఎవరు విసుగొచ్చి మారారు అన్నదాని మీద పెద్ద చర్చే అవుతుంది.

ఒక జాగ్రత్త. ఈ సినిమా చట్టం పాఠం కాదు. నిజం జ్యూరీలో ఉన్నవాళ్ళు అలా సొంతంగా వెళ్ళి కత్తి కొనుక్కు రాకూడదు, కోర్టులో చూపించిన సాక్ష్యం మీదే తేల్చాలి. అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి సోనియా సోటొమయోర్ కాలేజీలో ఉండగా చూసిన ఈ సినిమా తన మీద ఎంతో ప్రభావం చూపిందని 2010లో చెప్పారు. కింది కోర్టులో జడ్జిగా ఉన్నప్పుడు మాత్రం, ఆ సినిమాలోలాగా చెయ్యొద్దని జ్యూరీకి చెప్పేదాన్నని కూడా అన్నారు. ఇష్టపడిన సినిమాని కూడా అలా ప్రశ్నించొచ్చని పిల్లలకి తెలియడం మంచిదే కదా.

చివరగా పిల్లల్ని మూడు ప్రశ్నలు అడగండి. ఎవరైనా ఒకరి మీద చాడీ చెప్పినప్పుడు, ఇది నువ్వు చూశావా, విన్నావా? చెప్పినవాళ్ళకి ఇందులో లాభం ఉందా? తప్పయితే నష్టపోయేది ఎవరు? మా బిల్డింగ్ పిల్లలు ఇప్పుడు ఇవే ప్రశ్నలు మా మీద వేస్తున్నారు. మొన్న ఏదో ఫార్వర్డ్ చదివి వినిపిస్తుంటే మా అబ్బాయి "ఎవరు చూశారు మమ్మీ?" అన్నాడు. చదవడం ఆపి, దాని కింద ఎవరి పేరుందో ఇద్దరం కలిసి వెతికాం. ఎవరి పేరూ లేదు.

సెలవుల్లో చూపించండి. మీ పిల్లల మొదటి ఓటు ఎంతకి ఎంత వచ్చిందో, ఎవరు ఒంటరిగా నిలబడ్డారో వాయిస్ మెసేజ్ పెట్టండి. అలా నిలబడిన పిల్లకో పిల్లాడికో ఆ రోజు ఇష్టమైన టిఫిను చేసి పెట్టండి. పెద్దయ్యాక అలా నిలబడటం ఎంత కష్టమో మనకి తెలుసు కదా.